ఫార్మాట్ కొట్టే ముందు



మన కంప్యూటర్ గదిలో కిటికీ పక్కనున్న కంప్యూటర్ అందరికీ తెలుసు. అది తెరుచుకునేలోపు పంతొమ్మిదో ఎక్కం రెండుసార్లు చదవొచ్చు. లోపల సెల్లు అయిపోయి తారీఖు కూడా తప్పు చూపిస్తుంది. అందులో ఉన్నది విండోస్ 7. అది 2009లో వచ్చింది. 2020 జనవరి 14 నుంచి మైక్రోసాఫ్ట్ కంపెనీ దానికి మరమ్మతులు ఇవ్వడం ఆపేసింది. విండోస్ 11 వేద్దామంటే కనీసం 4 జీబీ ర్యామ్ ఉండాలి, దీంట్లో 2 జీబీయే. అందుకని కొందరు పాత ఇనుముకి ఇచ్చేద్దాం అంటున్నారు. ఇంకొందరు ఫార్మాట్ కొడితే పరిగెడుతుంది అంటున్నారు. నేను రెండింటికీ ఒప్పుకోను.

ఎందుకంటే అందులో మా ఊరు ఉంది. మాది వేలేరుపాడు మండలం, గోదావరి ఒడ్డు. 2022 జులై వరదకి ఇళ్ళు మునిగాయి. పోలవరం ముంపు అని తరవాత మమ్మల్ని కాలనీకి మార్చారు. మా చేలకీ వాగులకీ చెట్లకీ కోయలో ఏం పేర్లో పెద్దవాళ్ళని అడిగి, కిందటేడు పదో తరగతి అక్కలూ మేమూ టైపు చేశాం. ఫొటోలు కూడా ఎక్కించాం. సగం పేర్లు చెప్పింది మా అమ్మమ్మ. ఆమె ఇప్పుడు లేదు.

దసరా సెలవుల తరవాత వచ్చి చూస్తే తెర నల్లగా ఉంది. రిపేరుకి వచ్చినాయన "ఫార్మాట్ కొట్టేస్తా, అరగంట పని" అన్నాడు. "డి డ్రైవ్‌లో దాచాం కదా, ఏం కాదు" అని మేం ధైర్యంగా ఉన్నాం. లెక్కల సారు ఆపారు. సి, డి రెండూ ఒకే హార్డ్ డిస్క్ అంట. ఒకే ఇంట్లో తడిక కట్టి రెండు గదులు చేసినట్టు. ఇల్లు కాలితే రెండూ కాలతాయి. హార్డ్ డిస్క్ ఊడదీసి, వైరుతో వేరే కంప్యూటర్‌కి తగిలిస్తే ఫొటోలు వచ్చాయి. పేర్ల ఫైళ్ళు రెండు తెరుచుకోలేదు. మిగిలినవి మళ్ళీ ఈ ఒక్క డబ్బాలోనే ఉన్నాయి!

ఇంకో చిక్కుంది. అక్కలు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో టైపు చేశారు. అవి లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలు, పిచ్చి గుర్తులు వస్తాయి. పేజ్‌మేకర్ ఆఖరిసారి కొత్తగా వచ్చింది 2001లో. ఏలూరు, తాడేపల్లిగూడెంలో శుభలేఖలు కొట్టే డీటీపీ షాపుల వాళ్ళు కొందరు పాత విండోస్‌ని ఇందుకే కాపాడుకుంటారు. కాబట్టి ఫైలుతోపాటు ఫాంటునీ దాచాలి. ప్రింటు కూడా తీసి పెట్టుకోవాలి. కాయితానికి విండోస్‌తో పని లేదు.

సైన్సు మేడం గారిది కొల్లేరు లంక గ్రామం. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేరులోకి వచ్చింది కదా. వాళ్ళు రేషను కార్డు, పట్టా కాయితాలు అటక మీద ఒక జత, ఏలూరులో చుట్టాలింట్లో ఒక జత పెడతారంట. మనమూ అట్లాగే చెయ్యాలి. ఫైళ్ళయితే రెండు పెన్‌డ్రైవుల్లో పడతాయి, ఒకటి బడిలో, ఒకటి బయట. విండోస్‌నీ పేజ్‌మేకర్‌నీ కూడా ఉన్నదున్నట్టు దాచడానికి కంట్రోల్ ప్యానెల్‌లో 'బ్యాకప్ అండ్ రీస్టోర్' ఉంది. అందులో 'సిస్టమ్ ఇమేజ్' తియ్యాలి. అది పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కదు, విడిగా ఉండే హార్డ్ డిస్క్ కావాలి. చెడిపోయిన రోజు తెరవడానికి రిపేర్ డిస్క్ అని ఒక సీడీ కూడా ముందే చేసుకోవాలి.

దీనికి ఇంటర్నెట్ మాత్రం ఇవ్వొద్దు. 2017 మేలో వాన్నక్రై వైరస్ వచ్చినప్పుడు మరమ్మతు వేసుకోని విండోస్ 7 కంప్యూటర్లే ఎక్కువగా దెబ్బతిన్నాయి. మన రాష్ట్రంలో పోలీసు వాళ్ళవి కూడా కొన్ని పోయాయి. స్కాలర్‌షిప్పు పనులు వేరే దాంట్లో చేసుకోవచ్చు.

హెచ్.ఎం. మేడం గారూ, కొత్త కంప్యూటర్లు తరవాత. ముందు ఒక హార్డ్ డిస్క్ కొనిపించండి. అప్పటిదాకా ఫార్మాట్ అని ఎవరన్నా వస్తే మమ్మల్ని పిలవండి.

— 9వ తరగతి విద్యార్థిని