పండుగనాటి కావలి

మహాభారతంలో పదవది సౌప్తిక పర్వం. తిక్కన తెనిగించిన పదిహేను పర్వాలలో అదీ ఒకటి. పద్దెనిమిది రోజుల యుద్ధం ముగిసింది. దుర్యోధనుడు తొడలు విరిగి నేలపై పడి ఉన్నాడు. గెలిచిన పాండవుల శిబిరం ఆదమరచి నిద్రపోయింది. శ్రీకృష్ణుడు, పాండవులు, సాత్యకి ఆ రాత్రి శిబిరంలో లేరు. అడవిలో మర్రిచెట్టు కింద ఉన్న అశ్వత్థామకు మాత్రం కంటిమీద కునుకు లేదు. కొమ్మల మీద నిద్రిస్తున్న కాకులను ఒక గుడ్లగూబ చప్పుడు లేకుండా వచ్చి చంపడం అతడు చూశాడు. పగలు సాధ్యం కానిది రాత్రి సాధ్యమని ఆ పక్షి అతనికి నేర్పింది. నిద్రించేవారిని చంపడం అధర్మమని కృపాచార్యుడు వారించినా వినలేదు. తెల్లవారేసరికి ధృష్టద్యుమ్నుడు, ఉపపాండవులు ఐదుగురూ హతులయ్యారు.

ఆ శిబిరంలో ఆయుధాలకు గాని, వీరులకు గాని కొదువ లేదు. అయితే ఉన్నవారు నిద్రలో ఉన్నారు. ఆజ్ఞాపించవలసినవారు వేరొక చోట ఉన్నారు. నేటి వాణిజ్య సంస్థలపై కంప్యూటర్ల ద్వారా దాడి చేసే దొంగలు వెదకేది సరిగ్గా ఇట్టి రాత్రినే. పండుగలు, వారాంతాలు, వరుస సెలవులు వారికి పనిదినాలు. ఈ ప్రమాదాన్ని గురించి మాట్లాడేవారు సాధారణంగా యంత్రాల బలహీనతను ప్రస్తావిస్తారు. కాని జరిగిన ఉదంతాలను పరిశీలిస్తే లోపం యంత్రంలో కంటె కావలి ఏర్పాటులోనే ఎక్కువగా కనిపిస్తుంది. కావలికి మనిషిని పెడతారు. ఆపే అధికారం మాత్రం అతనికి ఇవ్వరు.

అమెరికాలో నవంబరు నెల నాలుగవ గురువారంనాడు థాంక్స్‌గివింగ్ పండుగ. ఆనాటి నుండి క్రిస్మస్ వరకు అక్కడి దుకాణాలు దసరా, దీపావళి నాళ్లలో మన బట్టల కొట్లవలె కిటకిటలాడతాయి. 2013లో ఆ పండుగకు ముందురోజు, నవంబరు 27న, టార్గెట్ అనే పెద్ద దుకాణాల సంస్థలో కార్డుల వివరాలు దొంగల చేతికి చిక్కడం మొదలైంది. బిల్లు వేసే యంత్రంలో కార్డు గీయగానే దాని వివరాలను నకలు తీసే దొంగ ప్రోగ్రామును వారు ముందే చొప్పించారు. డిసెంబరు 15 వరకు సాగిన ఈ దోపిడీలో 4 కోట్ల కార్డుల సంఖ్యలు పోయాయి. దొంగలు లోపలికి వచ్చిన దారి ఆశ్చర్యకరమైనది. శీతలీకరణ యంత్రాల పనిచేసే ఒక చిన్న కాంట్రాక్టు సంస్థకు టార్గెట్ ఇచ్చిన పాస్‌వర్డును వారు దొంగిలించారు. కోటకు సింహద్వారం ఎంత బలమైనదైనా నీళ్లు మోసేవాని తాళంచెవి చాలునన్నమాట.

ఇక్కడ గమనించవలసిన విషయం మరొకటి ఉన్నది. దాడిని పసిగట్టే ఖరీదైన ఏర్పాటు ఆ సంస్థకు లేకపోలేదు. అది హెచ్చరించింది కూడా. ఆ హెచ్చరికను బెంగళూరులోని భద్రతా బృందం చూసి, మిన్నియాపోలిస్ నగరంలోని ప్రధాన కార్యాలయానికి తెలియజేసిందని 2014 మార్చిలో బ్లూంబర్గ్ బిజినెస్‌వీక్ పత్రిక రాసింది. హెచ్చరికను పరిశీలించామని, వెంటనే చర్య అవసరమని తోచలేదని సంస్థ వివరణ ఇచ్చుకున్నది. చివరకు ప్రభుత్వ అధికారులు వచ్చి చెప్పిన తరువాతనే తమ ఇంట దొంగలున్నట్లు వారు గ్రహించారు. బెంగళూరులో మేలుకొని ఉన్నవారు తమ ధర్మం నిర్వర్తించారు, చూశారు, చెప్పారు. అంతకు మించి చేయగల అధికారం వారికి ఉన్నట్లు కనబడదు. సంవత్సరంలోకెల్లా అమ్మకాలు ఎక్కువగా ఉండే వారంలో బిల్లు యంత్రాలను ఆపుదామనే మాట ఎవరి నోటా అంత తేలికగా రాదు. ఆ మాట అనగలవానిని ముందుగానే నియమించుకోకపోతే ఆ వారంలో కొత్తగా ఎవ్వరూ పుట్టుకురారు.

బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు ఉదంతం ఇంకా విచిత్రమైనది. అక్కడ దొంగలు పంచాంగాన్నే ఆయుధంగా చేసుకున్నారు. బంగ్లాదేశ్‌లో శుక్ర, శనివారాలు సెలవు. అమెరికాలో శని, ఆదివారాలు సెలవు. ఫిలిప్పీన్స్ దేశంలో 2016 ఫిబ్రవరి 8, సోమవారం, చైనా నూతన సంవత్సరం సెలవు. ఫిబ్రవరి 4, గురువారం రాత్రి ఢాకాలో కార్యాలయం మూసిన తరువాత, ఆ బ్యాంకు పేరుతో న్యూయార్క్ ఫెడరల్ రిజర్వు బ్యాంకుకు 35 ఆదేశాలు వెళ్లాయి. వాటి మొత్తం సుమారు 95 కోట్ల డాలర్లు. సందేశాలను అచ్చువేసే ప్రింటరు మరునాడు పనిచేయలేదు. ప్రింటర్లు మొరాయించడం మామూలే గదా అని సిబ్బంది ఊరుకున్నారు. న్యూయార్క్ నుండి వచ్చిన ప్రశ్నలకు ఢాకాలో జవాబు చెప్పేవారు లేరు. శనివారం ప్రింటరు బాగుపడి మోసం బయటపడ్డది. అప్పటికి న్యూయార్క్‌లో వినేవారు లేరు. చెల్లింపు ఆపమని ఫిలిప్పీన్స్ బ్యాంకుకు పంపిన అభ్యర్థన సెలవునాడు చేరింది. సెలవు ముగిసిన మరునాడు, ఫిబ్రవరి 9న, ఆ శాఖనుండే అధికభాగం సొమ్ము బయటకు వెళ్లింది. నాలుగు ఆదేశాలపై 8 కోట్ల 10 లక్షల డాలర్లు ఆ విధంగా పోయాయి. మూడు దేశాల సెలవులను ఒకదాని పక్కన ఒకటి పేర్చి చూసుకున్న దొంగల ఓపిక, తమ సొమ్ముకు కాపలా కాయవలసినవారికి లేకపోయింది.

అదే ఉదంతంలో ఐదవ ఆదేశం కథ వేరు. శ్రీలంకలోని ఒక సంస్థకు 2 కోట్ల డాలర్లు పంపమన్న ఆ ఆదేశంలో ‘ఫౌండేషన్’ అనే మాటను దొంగలు ‘ఫాండేషన్’ అని రాశారు. మధ్యవర్తిగా ఉన్న డాయిష్ బ్యాంకులో ఆ తప్పు కంటబడింది. సొమ్ము ఆగింది, తిరిగి వచ్చింది. వర్ణక్రమ దోషం ఇంతటి మేలు చేసిన సందర్భం చరిత్రలో మరొకటి ఉంటుందో లేదో! ఇందులో గొప్ప సాంకేతిక విద్య ఏమీ లేదు. సందేహం వచ్చినప్పుడు ఆపి అడగడం అక్కడ ఒకరి ఉద్యోగధర్మం. ఆపినందుకు ఎవరి ఆగ్రహానికీ భయపడనక్కరలేదు. ఖరీదైన యంత్రాలు సాధించలేనిది ఆ చిన్న స్వాతంత్ర్యం సాధించింది.

మన దేశంలోనూ పంచాంగం చూసి వచ్చిన దొంగలున్నారు. పుణెలోని కాస్మోస్ సహకార బ్యాంకుపై 2018 ఆగస్టు 11న దాడి జరిగింది. అది రెండవ శనివారం, బ్యాంకులకు సెలవు. నకిలీ కార్డులతో 28 దేశాల ఏటీఎంల నుండి కొద్ది గంటలలోనే సొమ్ము తీశారు. సోమవారం మరికొంత సొమ్మును హాంకాంగ్‌కు తరలించారు. మొత్తం 94 కోట్ల రూపాయలు. 2021 జూలైలో, అమెరికా స్వాతంత్ర్య దినోత్సవపు వారాంతంలో, కసేయా అనే సంస్థ సాఫ్ట్‌వేర్ ద్వారా జరిగిన దాడికి స్వీడన్ దేశంలో కూప్ సంస్థ దాదాపు 800 దుకాణాలను మూసుకోవలసి వచ్చింది. సెలవులలో, వారాంతాలలో ప్రత్యేక జాగ్రత్త అవసరమని ఆ ఏడు ఆగస్టు 31న అమెరికా ప్రభుత్వ సంస్థలే ప్రకటన జారీచేశాయి.

సంక్రాంతికి హైదరాబాదు సగం ఖాళీ అవుతుందనడం అతిశయోక్తి అనిపించవచ్చును గాని, ఆ మూడు రోజులలో నగరంలోని కార్యాలయాలను చూసినవారు అలా అనుకోరు. యజమాని స్వగ్రామంలో ఉంటాడు. లెక్కలు చూసే గుమాస్తా ఒక్కడే కార్యాలయంలోనో, ఇంటిలోనో ఉంటాడు. యజమాని ఫోటో ఉన్న కొత్త నంబరు నుండి సందేశం వస్తుంది: సరుకుదారుకు అత్యవసరంగా సొమ్ము పంపాలి, తాను పనిలో ఉన్నాడు, ఫోన్ చేయవద్దు. ఇటువంటి మోసాలు నేడు నిత్యకృత్యాలైనాయి. గుమాస్తాకు అనుమానం రాదని కాదు. అయితే నిజంగా యజమానే పంపి ఉంటే, ఆలస్యం చేసినందుకు మాట పడవలసినవాడు అతడే. పంపి, అది మోసమని తేలినా మాట పడేది అతడే. జీతంలో కోతలు, పోలీసుల ప్రశ్నలు, ఏళ్ల తరబడి సంపాదించుకున్న నమ్మకంపై నీలినీడ. టార్గెట్ సంస్థలో ముఖ్య కార్యనిర్వహణాధికారి పదవి వదులుకున్నాడు. బంగ్లాదేశ్‌లో కేంద్ర బ్యాంకు గవర్నరే రాజీనామా చేశాడు. చిన్న సంస్థలలో మాత్రం శిక్ష కింది మెట్టు మీదనే ఆగిపోతున్నది. అధికారం పైన, అపరాధం కింద ఉండే ఈ పద్ధతి దొంగకు ఎంతో అనుకూలమైనది.

పండుగ బేరాల కాలంలో కంప్యూటర్ల జోలికి పోరాదనే నియమం చాలా సంస్థలలో ఉన్నది. నడుస్తున్న యంత్రాన్ని కదిలిస్తే అమ్మకాలు ఆగుతాయేమోనన్న భయం దానికి కారణం. ఆ భయం నిరాధారమైనది కాదు. అయితే అత్యవసరమైన మరమ్మతులను సైతం పండుగ తరువాతకు వాయిదా వేస్తే, తెరిచిన కిటికీ అంతకాలం తెరిచే ఉంటుంది.

రాత్రింబగళ్లు నిపుణులను నియమించే స్తోమత చిన్న వర్తకులకు లేదనే వాదన ఉన్నది. అది నిజమే. కాని గుమాస్తాకు ఆపే హక్కు ఇవ్వడానికి పైసా ఖర్చు కాదు. ఫలానా మొత్తం దాటితే, పాత నంబరుకు ఫోన్ చేసి యజమాని గొంతు వినేవరకు సొమ్ము కదలకూడదని కాగితం మీద రాసి సంతకం చేయాలి. ఆపినందువల్ల బేరం పోయినా ఆ నష్టం యజమానిదేనని అందులోనే ఉండాలి. సెలవు రోజులకు ఖాతాలో చెల్లింపు పరిమితిని తగ్గించమని బ్యాంకును ముందే కోరవచ్చును. సైబర్ దాడిని గుర్తించిన 6 గంటలలోగా తెలియజేయాలని కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది. భోగినాడు ఆ పని ఎవరిదో భోగికి ముందే నిర్ణయమై ఉండాలి. సొమ్ము పోయిందని తెలియగానే ఫోన్ చేయవలసిన 1930 నంబరు గల్లాపెట్టె పక్కన గోడమీద కనబడాలి. భోగినాడు కావలి ఉన్నవానికి కనుమనాడు సెలవు, ఆ రోజుకు రెట్టింపు వేతనం ఇవ్వవలసి ఉంటుంది. పండుగ అతనికీ ఉన్నది గదా!