సంతకు వెంట వచ్చే కుక్క

రైతు సంతకు బయలుదేరితే ఇంటి కుక్క కూడా బయలుదేరుతుంది. పొమ్మన్నా పోదు. రాయి చూపిస్తే నాలుగడుగులు వెనక్కి వేసి, మళ్ళీ గట్టు వెంబడి వస్తుంది. కోటబొమ్మాళి మండలం నారాయణవలస సంతయినా, మరే వారపు సంతయినా ఇదే తంతు.

వెనుకటి రోజుల్లో దీనికి పెద్ద చిక్కు లేదు. కుక్క ఎడ్లబండి నీడన నడిచి, బండి కిందనే పడుకుని, బండితోనే ఇల్లు చేరేది. ఇప్పుడు యజమాని ఆటో ఎక్కుతున్నాడు, మోటారు సైకిలు ఎక్కుతున్నాడు. కుక్క వెనుక పరుగెత్తుతోంది. మధ్యలో పదహారో నెంబరు జాతీయ రహదారి. మనిషి దాటడమే గండంగా ఉన్నచోట దాని గతి ఏమిటి? దాన్ని తప్పించబోయి బండి మీది మనిషి పడినా అడిగే నాథుడు లేడు.

రోడ్డు దాటి బస్టాండు చేరినా ఆపద తప్పదు. బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, ఆసుపత్రులు, విద్యాసంస్థల ఆవరణల్లోని వీధికుక్కలను పట్టి ఆశ్రయాలకు తరలించాలనీ, పట్టిన చోట తిరిగి వదలరాదనీ 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆదేశించింది. ప్రయాణికుల క్షేమం కోరి ఇచ్చిన ఆదేశమే. అయితే బస్సెక్కిన యజమాని కోసం కాచుకున్న కుక్క ఇంటిదో, వీధిదో పట్టేవానికి ఎలా తెలుస్తుంది? మెడకు ఒక పట్టీ ఉంటే కొంత నయం.

కొందరు సంతలో కట్టేస్తున్నారు. లారీ చక్రానికి కట్టి బేరానికి పోయేవారూ లేకపోలేదు. ఇంతకన్నా తెలివితక్కువ పని మరొకటి ఉండదు. కుక్కకు మనలాగ ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక చాచి రొప్పుతూ వేడి పోగొట్టుకుంటుంది. వేసవిలో నీళ్ళు లేకుండా ఎండలో కడితే ప్రాణం మీదికి వస్తుంది. కట్టక తప్పకపోతే నీడన, బారు తాడుతో, బిగుసుకోని ముడితో కట్టాలి. మరీ పొట్టి తాడుతో గంటల తరబడి కట్టి ఉంచడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం కూడాను.

కట్టిన కుక్క పారిపోలేదు గనుక, పిల్లలు ఏడిపిస్తే కరుస్తుంది. కాబట్టి పిచ్చికుక్క వ్యాధి టీకా తప్పనిసరి. ఏటా జూలై 6న మన పశువైద్యశాలల్లో దీన్ని ఉచితంగా వేస్తున్నారు. 1885లో లూయీ పాశ్చర్ ఒక పిల్లవానికి మొదట టీకా వేసింది ఆ రోజునే.

అన్నిటికన్నా మేలు, కుక్కను ఇంటివద్దనే ఆపడం. బయలుదేరే ముందు దానికి కూడు పెట్టి, నీళ్ళతో పశువుల సాలలో కట్టి, మనిషి ఊరు దాటాక విప్పితే సరిపోతుంది. ఈ పని ఇల్లాలికే అప్పగించాలి. అన్నం పెట్టే చేతి మాటే అది వింటుంది, రైతు కేకలు వినదు.

సంతల్లో ఆశీలు వసూలు చేసే పంచాయతీలు చెట్టు నీడన నాలుగు గుంజలు పాతించి, ఒక నీళ్ళ తొట్టె పెట్టించలేవా? వచ్చే ఆశీలు పాటలో ఈ షరతు ఒకటి రాయిస్తే, తొట్టె నింపే పూచీ పాటదారు మీద పడుతుంది.