పంచాయతీ లెక్క, అసెంబ్లీ జోస్యం

తెలుగు రాష్ట్రాల్లో సర్పంచ్, వార్డు సభ్యుల ఎన్నికలు పార్టీ గుర్తులపై జరగవు. ఎంపీటీసీ, జడ్పీటీసీ, మున్సిపల్ ఎన్నికలు పార్టీ గుర్తులపైనే జరుగుతాయి. ఫలితాలను చదవడంలో చిక్కంతా ఈ తేడా దగ్గరే మొదలవుతుంది. పంచాయతీల్లో అధికారికంగా తేలేది గెలిచిన మనిషి పేరే. పార్టీ పేరు కాదు. అయినా కౌంటింగ్ ముగిసిన రాత్రికే ‘మా మద్దతుదారులు ఇంతమంది’ అంటూ ప్రతి పార్టీ ఒక పట్టిక విడుదల చేస్తుంది. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ పంచాయతీ ఎన్నికలు నాలుగు విడతలుగా జరిగాయి. విడత విడతకూ వైసీపీ చెప్పిన అంకెకూ, టీడీపీ చెప్పిన అంకెకూ పొంతన కుదరలేదు. గెలిచిన సర్పంచ్ మర్నాడే అధికార పార్టీ కండువా కప్పుకుంటే ఆ లెక్కా నిలవదు.

ఏకగ్రీవాలది ఇంకో తీరు. పోటీ లేనిచోట పోలింగ్ లేదు, కాబట్టి ప్రజాభిప్రాయం నమోదు కాలేదు. అయినా పార్టీల పట్టికల్లో అవి గెలుపులుగానే చేరతాయి. 2021 ఏప్రిల్‌లో పరిషత్ ఎన్నికలను టీడీపీ బహిష్కరించింది. ప్రధాన ప్రతిపక్షం బరిలో లేని ఎన్నికలో వచ్చిన సీట్ల సంఖ్యను బలానికి కొలతగా చూపడం తూకంలో ఒకే తట్ట పెట్టి బరువు చెప్పడమే.

అన్ని పార్టీలూ పోటీపడినా స్థానిక ఫలితం వేరే ప్రశ్నకు జవాబు. ఇందుకు 2019 నాటి తెలంగాణను మించిన సాక్ష్యం దొరకదు. ఆ ఏప్రిల్ 11న లోక్‌సభ పోలింగ్ జరిగింది. కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ స్థానాలను బీజేపీ గెలుచుకుంది. మే నెలలో అదే ఓటర్లు పరిషత్ ఎన్నికల్లో ఓటేశారు. జూన్‌లో 32 జిల్లా పరిషత్ పీఠాలూ టీఆర్ఎస్‌కే దక్కాయి. నెల వ్యవధిలో జనం మనసు మారిందనుకోనక్కర్లేదు. ఢిల్లీకి ఎవరిని పంపాలన్నది ఒక నిర్ణయం, ఊరికి సీసీ రోడ్డు, చేసిన పనికి బిల్లు ఎవరు తెప్పించగలరన్నది మరో నిర్ణయం. రెండో దానిలో రాష్ట్రంలో అధికారంలో ఉన్న పార్టీకి సహజంగానే మొగ్గు ఉంటుంది. నాలుగున్నరేళ్లకు, 2023 డిసెంబరులో, ఆ పార్టీ 39 అసెంబ్లీ సీట్లతో ప్రతిపక్షంలో కూర్చుంది.

గెలిచినవారి వెంట జనం నడుస్తారన్న అనుమానం న్యాయస్థానాలకూ ఉంది. 2014లో ఉమ్మడి రాష్ట్రంలో మున్సిపల్, పరిషత్ పోలింగ్ అసెంబ్లీ పోలింగ్ కంటే ముందే ముగిసింది. ఆ ఫలితాలు తర్వాతి ఓటును ప్రభావితం చేయకూడదని కోర్టులు లెక్కింపును మే 7 తర్వాతకు వాయిదా వేశాయి.

2020 గ్రేటర్ హైదరాబాద్ ఫలితాన్ని రాజకీయ పార్టీలు వాడుకున్నంతగా మరే స్థానిక ఫలితాన్నీ వాడుకోలేదేమో. 150 డివిజన్లలో టీఆర్ఎస్ 99 నుంచి 56కు దిగింది. బీజేపీ 4 నుంచి 48కి ఎదిగింది. కాంగ్రెస్ 2 దగ్గరే ఆగింది. అక్టోబరు వరదలు, ఆ సాయం పంపిణీపై రేగిన కోపం, ఢిల్లీ నుంచి దిగిన నేతల ప్రచారం, సగానికి తక్కువ పోలింగ్ అన్నీ కలిసిన ఫలితమది. టీవీ చర్చల్లో మాత్రం రాష్ట్రమంతటికీ ప్రత్యామ్నాయం తేలిపోయింది. కాంగ్రెస్‌లో ఉత్తమ్ కుమార్ రెడ్డి పీసీసీ పదవికి రాజీనామా చేశారు, 2021లో రేవంత్ రెడ్డి వచ్చారు. 2023లో గెలిచింది కాంగ్రెసే, 64 సీట్లతో, బీజేపీకి 8. అలాగని గ్రేటర్ ఫలితం అబద్ధమూ కాదు. హైదరాబాద్ జిల్లాలో కాంగ్రెస్‌కు 2023లోనూ ఒక్క సీటు రాలేదు. నగరం గురించి నిజం చెప్పిన ఫలితాన్ని రాష్ట్రం గురించి అడగడం చదివినవారి తప్పు.

నాయకుడి సొంత నియోజకవర్గంలో గెలుపును ప్రచారానికి వాడటం మరో అలవాటు. 2021 నవంబరులో కుప్పం మున్సిపాలిటీలో 25 వార్డులకు 19 వైసీపీ గెలిచింది. చంద్రబాబు పని అయిపోయిందన్న వ్యాఖ్యానాలు హోరెత్తాయి. 2024లో ఆయన అక్కడ 48 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. వైసీపీకి రాష్ట్రంలో 11 సీట్లు మిగిలాయి. 2025 ఆగస్టులో వైసీపీ అధినేత సొంత నియోజకవర్గంలోని పులివెందుల జడ్పీటీసీ ఉప ఎన్నికలో టీడీపీ గెలిచి, వైసీపీ డిపాజిట్ కోల్పోయినప్పుడు అవే మాటలు అటు నుంచి ఇటు వినిపించాయి. కుప్పం ఫలితాన్ని అప్పుడు అనుమానించినవారు పులివెందులను ఇప్పుడు అనుమానించకపోవడం పార్టీ అభిమానమే తప్ప విశ్లేషణ కాదు.

ఇంతకీ స్థానిక ఫలితం తేల్చాల్సిన అసలు విషయం, పాలకవర్గం ఎవరిదన్నది, అదీ కడదాకా నిలవడం లేదు. విశాఖ కార్పొరేషన్‌లో 2021లో 98 డివిజన్లకు వైసీపీ 58, టీడీపీ 30 గెలిచాయి. రాష్ట్రంలో ప్రభుత్వం మారాక కార్పొరేటర్లు పార్టీలు మారారు. 2025 ఏప్రిల్‌లో అవిశ్వాస తీర్మానం నెగ్గి మేయర్ పీఠం టీడీపీకి వెళ్లింది. ఆ మార్పు కోసం నగరంలో కొత్తగా కార్పొరేషన్ ఎన్నికలేవీ జరగలేదు.