కాలు తీసేశాక కూడా వైద్యం ఉంది

రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

షుగరు పుండు ముదిరి కాలు తీసేస్తే, ఆసుపత్రి కాగితాల్లో కేసు ముగుస్తుంది. గద్వాలలో గుంట మగ్గం మీద చీర నేసే మనిషికి అసలు కష్టం అప్పుడే మొదలవుతుంది. మగ్గం తొక్కేది కాళ్లే కదా! వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో మడిలోకి, చేనులోకి దిగేవాళ్లదీ అదే గతి. కూలి పోతుంది, ఇంటికి బరువయ్యానన్న దిగులు పట్టుకుంటుంది. ఆ దిగులుతో మందులు మానేస్తే రెండో కాలికీ ముప్పే.

ఈ మూడు జిల్లా కేంద్రాల్లోనూ ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. ఆపరేషన్‌కు ముందే అక్కడి మానసిక వైద్యులు రోగితో, ఇంటివాళ్లతో మాట్లాడాలి. కృత్రిమ కాలుతో నడుస్తున్నవాళ్లను రోగి మంచం దగ్గరికి పిలిపించాలి. డాక్టరు వంద చెప్పినా, అట్లా నడిచొచ్చిన మనిషి ఇచ్చే ధైర్యం వేరు. డిశ్చార్జి నాటికే వికలాంగ ధ్రువపత్రానికి, పింఛనుకు దరఖాస్తు పూర్తి చేయించాలి. డిశ్చార్జి కాగితం మీదే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416 పెద్ద అక్షరాల్లో ఉండాలి.

ప్రమాదంలో కాలు పోయిన నర్తకి సుధాచంద్రన్ జైపూర్ కృత్రిమ కాలుతో మళ్లీ నాట్యం చేయడం ‘మయూరి’ సినిమాలో చూశాం. ఆమెకు కాలుతో పాటు సాధనా కావలసి వచ్చింది. మా వాళ్లకూ ఆపరేషన్ గాయం మానగానే కృత్రిమ కాలు అమర్చి, నడక నేర్పే ఫిజియోథెరపీ ఊరికి దగ్గర్లోనే ఇప్పించండి. ఈ బడ్జెట్‌లోనే అందుకు నిధులు కేటాయించండి.

ఇట్లు,
పాలమూరు ప్రాంత పౌరుడు