తిరిగొచ్చిన చీర

శ్రావణమాసం వెళ్ళేసరికి మా బీరువా తలుపు పడటం మానేసింది. ఐదు పేరంటాలు, రెండు గృహప్రవేశాలు, ఒక సీమంతం. వెళ్ళిన ప్రతిచోటా తాంబూలంతో పాటు ఒక కవరు చేతిలో పెట్టారు, నేను తెచ్చి బీరువాలో కుక్కాను. చివరికి మోకాలు ఆనించి తలుపు నొక్కి తాళం వేస్తుంటే మా చిన్నమ్మాయి చూసి, "అమ్మా, ఒక్కసారి మేరీ కోండో వీడియో చూడవే" అంది.

చూశాను. ఆ జపాన్ ఆవిడ పుస్తకం 2014లో ఇంగ్లీషులోకి వచ్చాక దేశదేశాలూ పాకింది. 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో కార్యక్రమం కూడా చేసింది. బట్టలన్నీ ఒకచోట కుప్ప పోయమంటుంది. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని ఇది నాకు సంతోషం ఇస్తోందా అని చూసుకోమంటుంది. లేదనిపిస్తే దానికి థాంక్స్ చెప్పి పంపించెయ్యాలిట. (ముగ్గురు పిల్లలు పుట్టాక సర్దడం విషయంలో తనూ కొంత చేతులెత్తేశానని 2023లో ఆవిడే చెప్పింది. అది చదివాక నాకు ఆవిడ మీద గౌరవం పెరిగింది.)

సరే, ఒక ఆదివారం మావారినీ పిల్లల్నీ హాల్లోకి తరిమి, నా చీరలన్నీ మంచం మీద పోశాను. 112 తేలాయి. నాకింత చీరల పిచ్చి ఎప్పుడు పట్టిందా అనుకుంటూ వేరుచెయ్యడం మొదలుపెడితే అసలు సంగతి బయటపడింది. కొట్టుకెళ్ళి, రంగు చూసి, అంచు చూసి, నేను ఇష్టపడి కొనుక్కున్నవి 31. పెళ్ళినాటివీ, అమ్మ పెట్టినవీ కలిపి 14. మిగిలిన 67 పెట్టుబడి చీరలు.

ఆ 67 చీరల్నీ నాకు సంతోషం ఇస్తున్నారా అని ఏం అడగను? ఇచ్చినావిడ కూడా సంతోషంగా కొనలేదు. ఫలానా పెళ్ళిలో మనకి పెట్టారు కాబట్టి మనమూ పెట్టాలి అనుకుని, కొట్లో "పెట్టుబడికి కావాలండీ" అని అడిగి, ఒకే రకం పాతిక కట్ట కట్టించుకుని తెచ్చింది. ఆ మాట అంటే చాలు, కొట్టువాళ్ళకి ఏ అర లోంచి తియ్యాలో తెలిసిపోతుంది. ఎవర్నో అనడం ఎందుకు, నేనూ అలాగే తెచ్చాను.

దానికి సాక్ష్యం ఆ కుప్పలోనే దొరికింది. లేత వంకాయరంగు చీర ఒకటి మడత విప్పితే, లోపలి అట్టముక్క మీద బాల్‌పెన్నుతో "పెద్దపిన్ని కోడలు" అని నా రాత! 2019లో మా మరిదిగారి గృహప్రవేశానికి కట్టలు విడదీసి పేర్లు రాసింది నేనే. ఆ చీర ఆవిడకి వెళ్ళి, అక్కణ్ణుంచి ఎన్నిళ్ళు తిరిగిందో ఏమో, ఈ శ్రావణంలో ఒక గృహప్రవేశం కవర్లో మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. ఫాల్ కుట్టలేదు. జాకెట్టు ముక్క కత్తిరించలేదు. ఇన్నేళ్ళలో ఏ ఒక్కరూ దాన్ని ఒంటికి చుట్టుకోలేదు.

వీటిలో చాలావరకు మా ఇంట్లో పనిచేసే ఆవిడకి ఇచ్చేద్దామనిపించింది గానీ, కిందటేడు జరిగింది గుర్తొచ్చి ఆగాను. అప్పుడూ ఇలాగే ఒక సంచీ నింపి ఇచ్చి, పుణ్యం చేసినట్టు పడుకున్నాను. రెండో రోజు ఆవిడ సంచీలోంచి కొన్ని వెనక్కి తెచ్చింది. "ఏమనుకోకండమ్మా. ఈ మూడూ మడతల్లో చీకిపోయాయి. మిగతావి కట్టుకుని పనిచేస్తే ఒళ్ళు మండిపోద్ది. నూలుది ఏదన్నా ఉంటే ఇవ్వండి" అంది, గిన్నెల మీంచి తల ఎత్తకుండా. నాకు ఎక్కడ మొహం పెట్టుకోవాలో తెలియలేదు. చీకినవాటిల్లో ఒకటి నా సారె చీర. పట్టు ఏళ్ళ తరబడి ఒకే మడత మీద ఉంటే ఆ మడత దగ్గరే చిట్లుతుందని తెలిసి కూడా, మూడు నాలుగు నెలలకోసారి మడత మార్చలేదు. పాత నూలు గుడ్డలో చుట్టాల్సింది, ప్లాస్టిక్ కవర్లోనే ఉంచేశాను. పైన కలరా ఉండలు వేస్తే అవి తగిలినచోట జరీ నల్లబడింది. నాకు అక్కర్లేదని నాలుగేళ్ళ ముందే ఇచ్చేసి ఉంటే, ఆవిడ కూతురి పెళ్ళికి కట్టుకునేది. పాడయ్యేదాకా దాచి, పాడయ్యాక దానం చేశాను.

మా అత్తయ్యకి ఈ కుప్ప చూస్తే వచ్చిన కోపం ఇంకో రకం. "ఇన్ని గుడ్డలున్నాయి, ఇంట్లో ఒక మసిగుడ్డ లేదు" అంది. నిజమే, వంటింట్లో గట్టు తుడిచే గుడ్డ కూడా మేం సూపర్‌మార్కెట్లో కొంటున్నాం. ఆవిడ రోజుల్లో నూలు చీర కట్టి కట్టి మెత్తబడితే ఇంట్లోకి దిగేది. నడుం దగ్గర పలచబడితే నిలువునా చించి, అంచులు లోపలికి తిప్పి అతికితే ఇంకో ఏడాది వచ్చేది. తర్వాత పసిపిల్లలకి పొత్తిళ్ళు, పక్కగుడ్డలు. ఆ తర్వాత బొంతలోకి. ఆఖరికి మసిగుడ్డ. ఆవిడ కాపురం మొత్తం రెండు ట్రంకుపెట్టెలతో, ఒక దండెంతో వెళ్ళిపోయింది. ఆవిడ సర్దుడులో ఆరితేరిందని కాదు, వచ్చిన గుడ్డ వచ్చినట్టే అరిగి వెళ్ళిపోయేది.

నా 67లో యాభైకి పైగా జార్జెట్లు, షిఫాన్లు, ఏదో సిల్కు అని పేరు పెట్టిన పాలిస్టర్లు. నీళ్ళు పీల్చవు కాబట్టి మసిగుడ్డకి పనికిరావు. పసిపిల్ల కింద వెయ్యలేం. పొయ్యి దగ్గర పట్టుకుంటే కరిగి చేతికి అంటుకుంటాయి. మట్టిలో వేసినా కుళ్ళవు. పాత బట్టలకి స్టీలు గిన్నెలిచ్చే ఆవిడ పది చీరలకి ఒక చిన్న బేసిను ఇస్తానంది. అంశు గుప్తాగారు 1999లో మొదలుపెట్టిన గూంజ్ సంస్థ పాత గుడ్డలతో ఆడపిల్లలకి నెలసరి ప్యాడ్లు కుట్టిస్తుంది, 2015లో ఆయనకి మెగసెసే అవార్డు కూడా వచ్చింది. అక్కడా కావలసింది నూలే.

అందుకే నా మాట ఇది: పెట్టుబడి చీరలు మానేద్దాం. బీరువాకి కొత్త అరలు, గాలి తీసేసే కవర్లు, అటక మీద పెట్టెలు అన్నీ ప్రయత్నించాను. వాటివల్ల ఇంకో 20 చీరలకి చోటు దొరుకుతుంది, అంతే. "మరి నేతవాళ్ళేమైపోవాలి?" అంది మా తోడికోడలు. ఆ కట్టల్లో మగ్గం మీద నేసిన చీర ఎప్పుడైనా చూశామా? చాలామటుకు సూరత్ మిల్లుల నుంచి వచ్చేవే. ఐదు పెట్టుబడి చీరల డబ్బు పెడితే పక్కనే ఉన్న మంగళగిరిలో ఒక మంచి నూలు చీర వస్తుంది.

చెప్పడం తేలికే. ఈ మాఘంలో మా మామగారికి సహస్ర చంద్ర దర్శనం. అత్తయ్య 60 మంది ముత్తైదువుల జాబితా రాసుకుంది. చీరలు వద్దు అత్తయ్యా అన్నాను. "ఆయన పేరున జరిగే శుభకార్యానికి వచ్చినవాళ్ళని వట్టి చేతులతో పంపిస్తావా అమ్మాయ్?" అని, రెండురోజులు నాతో మాట్లాడలేదు.

మూడో రోజు తన పాత లెక్కల పుస్తకం తెచ్చి నా ముందు పడేసింది. ఎవరి పెళ్ళిలో ఎవరు ఏం పెట్టారో, తను తిరిగి ఏం పెట్టిందో, నలభై ఏళ్ళది. పేజీలు తిప్పుతూ గమనించాను, అందులో మామగారి పేరు ఎక్కడా లేదు. ఇల్లు ఆయన పేరున, పొలం ఆయన పేరున, పాలవాడికిచ్చే డబ్బు కూడా ఆయన చేత్తోనే. ఆవిడ తన పేరుతో ఒకరికి ఇవ్వగలిగింది ఈ చీర ఒక్కటే. అది మానెయ్యమని కోడలు, పైగా సొంతంగా బ్యాంకు ఖాతా ఉన్న కోడలు, చెప్తే ఒళ్ళు మండదూ? నా అభిప్రాయం మారలేదు గానీ చెప్పే గొంతు తగ్గింది.

చివరికి ఇద్దరం కూర్చుని జాబితా మళ్ళీ రాశాం. ఆవిడ పేరు చెప్పి, ఆ మనిషి మొహం గుర్తు తెచ్చుకుని, ఏ రంగు నప్పుతుందో చెప్పగలిగినవాళ్ళు 11 మంది తేలారు. వాళ్ళకి మంగళగిరి నూలు చీరలు, ఆవిడే వచ్చి ఏరుతుంది. మిగిలినవాళ్ళకి పసుపు కుంకుమ, పండ్లు, ఒక నూలు తువ్వాలు. ఆడపడుచుకి మాత్రం పట్టే పెట్టాలంది. దాని దగ్గర నేను వాదించలేదు.

కుప్పలోంచి మా ఇంట్లో పనిచేసే ఆవిణ్ణే ఏరుకోమన్నాను. ఆరు తీసుకుంది, అందులో నాలుగు నేను ఇద్దామా వద్దా అని నలిగిన నూలువి. వంకాయరంగు చీర వైపు చూసి "ఇది మీకే బావుంటదమ్మా" అనేసింది. మళ్ళీ ఇంకో ఇంటికి పంపించడానికి మనసొప్పలేదు. ఫాల్‌కీ జాకెట్టుకీ ఇచ్చాను. కుట్టుకూలి చీర ఖరీదుకి దగ్గర్లో ఉంది. వచ్చే శుక్రవారం ఇస్తానన్నాడు టైలరు.