తొట్టినీళ్ళ సాక్ష్యం

చేపల తొట్టి నీటిని పరీక్షించే పెట్టె ఇప్పుడు విజయనగరంలో కూర్చున్నా ఇంటికి వస్తుంది. నాలుగు గాజుగొట్టాలు, అరడజను చుక్కల సీసాలు, ఒక రంగుల పట్టీ. గొట్టంలో నీరు పోసి, చుక్కలు వేసి, తేలిన రంగును పట్టీతో పోల్చుకుంటే పి.హెచ్., అమోనియా, నైట్రైటు, నైట్రేటు తెలుస్తాయని పెట్టె మీద రాసి ఉంటుంది. నిజానికి తెలిసేది రంగు మాత్రమే. దానికి అర్థం చెప్పుకోవలసిన భారం మనది.

నా వాదన టూకీగా ఇది. పొంతన లేని అంకె కనబడగానే సీసా మూత తీసి మందు పోయడం మన పెంపకందార్లకు పెద్ద దురలవాటు. ఆ అంకె కంటే ఆ మందే ఎక్కువ చేపల్ని చంపుతుందని నా అనుమానం. అంతకన్న ముఖ్యమైన సంగతి మరొకటుంది. ఆ అంకె వెంట వెనక్కి నడిస్తే చాలాసార్లు మన ఇంటి బోరు దగ్గరికో, నూతి దగ్గరికో చేరుకుంటాం. అంతదూరం నడిచేవాళ్ళు తక్కువ.

ముందు పి.హెచ్. సంగతి చూద్దాం. బోరు నీరు పట్టిన వెంటనే పరీక్షిస్తే ఏడుకు దిగువన చూపిస్తుంది. అదే నీరు బకెట్టులో రాత్రంతా ఉంచి పొద్దున్నే చూస్తే ఎనిమిదికి చేరువవుతుంది. పెట్టె పాడైందనుకుంటారు చాలామంది. పాడవలేదు. భూమి లోపల మట్టిలోని జీవక్రియల వల్ల పుట్టిన బొగ్గుపులుసు వాయువు ఆ నీటిలో కరిగి ఉండి, దాన్ని కొంచెం పుల్లగా ఉంచింది. గాలి తగిలాక అది ఎగిరిపోయింది. మూత తీసి వదిలేసిన గోళీసోడా పొద్దుటికి చప్పబడ్డట్టే. కాబట్టి ఆరబెట్టిన నీటి అంకెనే నమ్మాలి. తొట్టిలో మొక్కలు దట్టంగా ఉంటే ఇంకో చిక్కు. రాత్రి మొక్కలు వదిలే వాయువు వల్ల తెల్లవారుజామున పి.హెచ్. తక్కువగానూ, పగలంతా అవి ఆ వాయువును పీల్చుకోవడం వల్ల సాయంత్రానికి ఎక్కువగానూ ఉంటుంది. ఉదయం చూసినాయనా సాయంత్రం చూసినాయనా వాదించుకుంటే ఇద్దరూ గెలుస్తారు.

ఇక పి.హెచ్. దింపే ఆమ్లపు చుక్కలు. పోసిన పూట దిగుతుంది, మర్నాటికి మళ్ళీ ఎక్కుతుంది. నీటిలోని బైకార్బొనేట్లు ఆమ్లాన్ని మింగేస్తూ ఉంటాయి. పట్టుదలగా పోస్తూ పోతే ఒకరోజు ఆ నిల్వ కాస్తా అయిపోయి, పి.హెచ్. ఒక్కసారిగా కూలిపోతుంది. నిలకడగా ఉన్న ఎనిమిదిని గప్పీ, మాలీ, గోల్డ్‌ఫిష్ హాయిగా భరిస్తాయి. రోజుకొక రకంగా మారే నీటిని ఏ చేపా భరించలేదు.

కొందరి తొట్టిలో ఏ మందూ పోయకుండానే పి.హెచ్., కాఠిన్యం నెమ్మదిగా పెరుగుతూ ఉంటాయి. కారణం అడుగున పరచిన అందాల్లోనే ఉంటుంది. కళింగపట్నం నుంచో బారువ నుంచో ఏరుకొచ్చిన గుల్లలు ఎంత కడిగినా సున్నమే. గుల్లల్ని కాల్చి గుల్లసున్నం చేసి గోడలకు వేసుకున్న తాతల మనవలం, ఈ ముక్క మనకొకరు చెప్పాలా? రాయి మీద అనుమానముంటే ఒక వెనిగరు చుక్క వేసి చూడండి, పొంగితే అది తొట్టిలోకి పనికిరాదు. మన తూర్పు కనుమల్లో విరివిగా కనబడే ఖోండలైటు ఆ చుక్కకు పొంగదు. బొర్రా గుహల సున్నపురాయి పొంగుతుంది. చూపుకు రెండూ రాళ్ళే.

అమోనియా అంకెను ఒంటరిగా చదవకూడదు. నీటిలో అది రెండు రూపాల్లో ఉంటుంది. చేప మొప్పలను కాల్చే అమోనియా ఒకటి, అంతగా హాని చెయ్యని అమ్మోనియం ఇంకొకటి. చుక్కల పరీక్ష సాధారణంగా రెంటినీ కలిపి లెక్కగడుతుంది. 25 డిగ్రీల దగ్గర పి.హెచ్. 7 ఉంటే అందులో విషరూపం నూటికి ఒక పాలు కూడా ఉండదు. పి.హెచ్. 8 అయితే అయిదు పాళ్ళు దాటుతుంది. అంటే ఒకే రంగు వెనక దాదాపు పదిరెట్ల తేడా దాగి ఉండవచ్చు. పి.హెచ్. తక్కువగా ఉన్న పాత తొట్టిలో అమోనియా కనబడిందని, కంగారుగా పి.హెచ్. ఎక్కువున్న కొత్త నీరు సగానికి సగం పోస్తే చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరవడానికి కారణం ఇదే. దీనికి తోడు, నెస్లర్ ద్రావణంతో పనిచేసే పెట్టెలు కొన్ని రకాల యాంటీ క్లోరిన్ మందులు కలిపిన నీటిలో లేని అమోనియాను ఉన్నట్టు చూపిస్తాయి.

కరెంటు సంగతి కూడా అంకెల్లో కనబడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడూ, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ తీరం దాటినప్పుడూ ఊళ్ళకు ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఫిల్టరు ఆగితే అమోనియాను నైట్రైటుగా, నైట్రైటును నైట్రేటుగా మార్చే బాక్టీరియా ఆమ్లజని లేక చచ్చిపోతుంది. కరెంటు రాగానే కుళ్ళిన ఫిల్టరు నీరంతా తొట్టిలోకి దూకుతుంది. నిన్నటిదాకా సున్నా ఉన్న అమోనియా ఈవేళ హఠాత్తుగా ఎక్కడినుంచి వచ్చిందంటే, అక్కడినుంచి. ఫిల్టరు కడిగాకే స్విచ్చి వెయ్యాలి.

ఇప్పుడు అసలు చెప్పదలచుకున్న నైట్రేటు. నీరు మార్చితే నైట్రేటు తగ్గాలి, అది శాస్త్రం. కానీ వారం వారం నీరు మార్చుతున్నా తగ్గదు, ఒక్కొక్కసారి పెరుగుతుంది. అప్పుడు పెంపకందారు మేత తగ్గిస్తాడు, చేపలు తగ్గిస్తాడు, ఫిల్టరు మారుస్తాడు. సీసాను బాగా కుదపకపోతే అడుగున పేరుకున్న పొడి కలవక నైట్రేటు తక్కువగా చూపిస్తుందనీ, తొట్టిలో నైట్రైటు ఉంటే అదీ నైట్రేటు లెక్కలోకి ఎక్కుతుందనీ తెలుసుకుని పరీక్ష కూడా సరిచేసుకుంటాడు. కాని తొట్టిలో పోసే నీటినే గొట్టంలో పోసి చూడాలని తట్టదు. చూస్తే అదే ఎరుపు అక్కడా కనబడుతుంది. నూతికి దగ్గర్లో పెంటకుప్పో, మరుగుదొడ్డి గొయ్యో, యూరియా చల్లిన పొలమో ఉంటే ఇది వింత కాదు.

అక్కడితో విషయం చేపలది కాకుండా పోతుంది. తాగునీటికి భారత ప్రమాణం, ఐ.ఎస్. 10500, లీటరుకు 45 మిల్లీగ్రాముల నైట్రేటును హద్దుగా పెట్టింది. హద్దు దాటిన నీటితో పాలు కలిపి పడితే పసిపిల్లల రక్తం ఆమ్లజనిని మోసే శక్తి కోల్పోతుంది, ఒళ్ళు నీలిబారుతుంది. కాచితే పోదు, మరిగేకొద్దీ చిక్కబడుతుంది. కొలతలోనూ ఒక మడతపేచీ ఉంది. కొన్ని పెట్టెలు నైట్రేటును మొత్తంగా చెబుతాయి, కొన్ని అందులోని నత్రజనిని మాత్రమే చెబుతాయి. రెండో లెక్కలో 45 కాస్తా 10 అవుతుంది. పట్టీ మీద ఏ లెక్క రాసి ఉందో చూడకుండా ‘పదే కదా’ అని సంతోషించకూడదు.

ఈ పనికి టీ.డీ.ఎస్. మీటరు ఉంది కదా అంటారు. అది నీటిలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో కొలిచి, ఒక గుణకంతో హెచ్చవేసి చెప్పే అంకె. ఉప్పు ఉందని చెబుతుంది, ఏ ఉప్పో చెప్పదు. సూక్ష్మజీవులను చూడలేదు, పురుగుమందులను చూడలేదు, మామూలు నీటిలో విద్యుదావేశం లేకుండా ఉండే సిలికానూ దాదాపు చూడలేదు. ఇక ఇంటికొచ్చి రెండు ఇనుప కడ్డీలు నీటిలో ముంచి, కరెంటు పెట్టి, గోధుమరంగు తేలగానే ‘చూశారా మీ నీళ్ళు!’ అనే అమ్మకందారు చూపించేది ఆ కడ్డీల తుప్పు.

అంకెల మీద ఇంత పట్టింపు ఎందుకంటారా? మన పక్కనే ఉద్దానం ఉంది. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొన్ని దశాబ్దాలుగా మూత్రపిండాల వ్యాధి మనుషులను తినేస్తోంది, మధుమేహం లేనివారిని సైతం. అక్కడి నీటిని ఎన్నోసార్లు పరీక్షించారు. సిలికా, ఫ్లోరైడు, భారలోహాలు, పురుగుమందులు, ఎండలో పనిచేసి ఒంట్లో నీరు ఇంకిపోవడం, నొప్పిమాత్రలు... అనుమానితుల జాబితా పెరిగిందిగాని అందరూ ఒప్పుకున్న ఒక్క కారణం తేలలేదు. కారణం తేలే దాకా ఆగకుండా హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని తెచ్చే పథకం 2023 డిసెంబరులో ప్రారంభించడం మంచి పని. అయితే ‘హద్దుల్లోనే ఉంది’ అన్న మాటకు ‘అడిగిన వాటి మటుకు’ అన్న షరతు ఎప్పుడూ ఉంటుందని ఉద్దానం మనకు నేర్పింది.

అంచేత తొట్టి ఉన్నవారికి నా సలహా. ఒక నోటుపుస్తకం పెట్టండి. తేదీ, వేళ, తొట్టి నీటి అంకె, దాని పక్కనే ఆరబెట్టిన బోరునీటి అంకె రాయండి. రంగును ట్యూబులైటు కింద కాకుండా పగటి వెలుగులో చూడండి. ఏ మందైనా రెండుసార్లు పరీక్షించిన తరవాతే పొయ్యండి. బోరునీటిలో నైట్రేటు ఎక్కువ కనబడితే తొట్టి సంగతి రేపు చూసుకోవచ్చు, ముందు ఆ నీటిని గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద ఊరికి అయిదుగురు మహిళలకు ఇలాంటి చుక్కల పెట్టెలతోనే శిక్షణ ఇవ్వాలని నియమం. మీ ఊళ్ళో ఆ అయిదుగురు ఎవరో, వారు తేల్చిన అంకెలు ఎక్కడ రాసి ఉన్నాయో పంచాయతీలో అడగండి. చేపల కోసం కొన్న పెట్టెలో చుక్కలు ఇంకా మిగిలే ఉంటాయి, ఎదురింటి నూతిని కూడా ఒకసారి చూసి పెట్టండి.