గైడులకు శిక్షణ ఏదీ?

పీహెచ్‌డీలో చేరే విద్యార్థికి ప్రవేశ పరీక్ష ఉంది, ఇంటర్వ్యూ ఉంది, కనీసం 12 క్రెడిట్ల కోర్సు వర్క్ ఉంది. పరిశోధన, ప్రచురణల్లో పాటించవలసిన నైతికతపై ప్రత్యేకంగా ఒక కోర్సు కూడా పూర్తి చేయాలి. ఆ విద్యార్థి చేయి పట్టి ఆరేళ్ల వరకూ నడిపించవలసిన ఆచార్యునికి మాత్రం ఆ పని ఎలా చేయాలో నేర్పే ఏర్పాటు నిబంధనల్లో ఎక్కడా కానరాదు. డాక్టరేట్ పట్టా, నిర్ణీత సంఖ్యలో పరిశోధన పత్రాలు ఉంటే గైడుగా అర్హత లభించినట్లే. తన గైడు తనను ఎలా చూశాడో, తానూ తన విద్యార్థిని అలాగే చూడడం తరాలుగా సాగుతున్న ఆనవాయితీ. అదృష్టవంతునికి మంచి గురువు దొరుకుతాడు. దొరకనివాడు ఏళ్లు పోగొట్టుకుంటాడు.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 నవంబరులో విడుదల చేసిన పీహెచ్‌డీ నిబంధనలనే తీసుకుంటే, ప్రొఫెసర్, అసోసియేట్ ప్రొఫెసర్‌కు కనీసం 5, అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు 3 పరిశోధన పత్రాలు ఉండాలన్నారు. ప్రొఫెసర్ ఒకేసారి 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ 6 మందికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ 4 మందికి మించి మార్గదర్శనం చేయరాదన్నారు. పదవీ విరమణకు మూడేళ్ల లోపు గడువున్నవారు కొత్త విద్యార్థులను తీసుకోరాదన్నారు. ఇవన్నీ అవసరమైన ఆంక్షలే. అయితే ఇవి గైడు తలపై ఎంత భారం ఉండవచ్చునో చెబుతాయి తప్ప, ఆ భారాన్ని మోసే నేర్పు ఆయనకు ఉందో లేదో అడగవు.

ఈ లోటు ఇప్పుడు కొత్తగా కనిపించడానికి కారణం సంఖ్య. ఉన్నత విద్యపై కేంద్రం జరిపిన సర్వే ప్రకారం 2014-15లో దేశంలో 1.17 లక్షలుగా ఉన్న పీహెచ్‌డీ విద్యార్థులు 2021-22 నాటికి 2.12 లక్షలకు చేరారు. మహిళల సంఖ్య 48 వేల నుంచి 99 వేలకు పెరిగింది. ఇంట్లో మొదటిసారి కళాశాల గడప తొక్కినవారు, ఉద్యోగం చేసుకుంటూ పార్ట్‌టైం పద్ధతిలో చేరినవారు వీరిలో ఎందరో ఉన్నారు. మరోవైపు తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో అధ్యాపక నియామకాలు ఏళ్ల తరబడి స్తంభించి, అర్హులైన గైడులు పలుచబడ్డారు.

సంతకంలోనే సర్వాధికారం

పరిశోధక విద్యార్థికీ గైడుకూ మధ్య సంబంధం తరగతి గదిలోని గురుశిష్య బంధం వంటిది కాదు. అంశం ఖరారు కావాలన్నా, పురోగతి నివేదిక ముందుకు కదలాలన్నా, సిద్ధాంత గ్రంథం సమర్పించాలన్నా ఒకే వ్యక్తి సంతకం కావాలి. 2023 జనవరి నుంచి జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్‌ను నెలకు రూ.37 వేలు చేశారు. ఆ సొమ్ము చేతికి రావడానికి అవసరమైన ధ్రువీకరణ సాధారణంగా గైడు సంతకంతోనే మొదలవుతుంది. సంతకం ఆలస్యమైతే హాస్టల్ మెస్ బిల్లు ఆగదు కదా! జిల్లాల నుంచి సెలవు పెట్టుకుని వచ్చే పార్ట్‌టైం విద్యార్థి పరిస్థితి మరీ దయనీయం. బస్సెక్కి విశ్వవిద్యాలయానికి వస్తే గది తలుపుకు తాళం, ఆచార్యులు సెమినారులో. ఇచ్చిన అధ్యాయం ఆరు నెలలైనా తిరిగి రాదు. అడిగితే కోపం, అడగకపోతే గడువు.

ప్రసిద్ధ విజ్ఞాన పత్రిక 'నేచర్' 2019లో ప్రపంచవ్యాప్తంగా 6 వేల మందికి పైగా పీహెచ్‌డీ విద్యార్థులను ప్రశ్నించగా, చదువు కారణంగా వచ్చిన ఆందోళన, కుంగుబాటుకు సాయం కోరినట్లు 36 శాతం మంది చెప్పారు. చెన్నైలోని ఐఐటీలో 2023 మార్చిలో ఒక పరిశోధక విద్యార్థి ప్రాణాలు తీసుకోగా, విచారణ కమిటీ నివేదిక అనంతరం ఆయన గైడును సస్పెండ్ చేశారు. ప్రతి కుంగుబాటుకూ గైడే కారణమనడం అన్యాయం. అయితే విద్యార్థి కుంగిపోతున్న సంగతి అందరికంటే ముందు కనిపెట్టగల స్థానంలో ఉన్నది ఆయనే.

నేర్పదగిన విద్యే

మార్గదర్శనం పుట్టుకతో వచ్చే కళ అని వాదించే సీనియర్ ఆచార్యులు లేకపోలేదు. ముప్పై ఏళ్లుగా గైడు చేస్తున్న మాకు ఎవరు నేర్పుతారన్నది వారి ప్రశ్న. విదేశాల అనుభవం మరోలా ఉంది. స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్‌లో ప్రధాన గైడు కాదలచినవారు ముందుగా శిక్షణ కోర్సు పూర్తి చేయాలి. ఆస్ట్రేలియాలోని పలు విశ్వవిద్యాలయాలు అర్హులైన గైడుల జాబితా నిర్వహిస్తూ, అందులో చేరడానికి శిక్షణను షరతు చేశాయి. బ్రిటన్‌లో పీజీ విద్యా మండలి మంచి మార్గదర్శనాన్ని పది అంశాలుగా విడదీసి, వాటి ఆధారంగా గైడులకు గుర్తింపు ఇస్తోంది. విద్యార్థి ఎంపిక, పరస్పర సంబంధం, రాతపై అభిప్రాయం చెప్పడం, పని గాడి తప్పకుండా చూడడం, తన పద్ధతిని తాను సమీక్షించుకోవడం వాటిలో కొన్ని.

ఈ శిక్షణలో బ్రహ్మవిద్య ఏదీ లేదు. ఎన్నాళ్లకోసారి కలవాలి, రాసి ఇచ్చిన అధ్యాయాన్ని ఎన్ని రోజుల్లో చూసి ఇవ్వాలి, పత్రంపై ఎవరి పేరు ముందు ఉండాలి అన్నవి తొలి సమావేశంలోనే తేల్చుకుని కాగితంపై పెట్టుకోవడం మొదటి పాఠం. అధ్యాయం బాగాలేదని చెప్పడానికీ, ఎక్కడ ఎందుకు బాగాలేదో చెప్పడానికీ మధ్య తేడా గ్రహించడం రెండవది. చర్చ కోసం ఇచ్చే ఉదంతాలు కూడా నిత్యం కనిపించేవే. ఎనిమిది నెలలుగా ముఖం చాటేసిన విద్యార్థి, ఇద్దరు గైడుల మధ్య నలిగిపోతున్న విద్యార్థిని... ఇలాంటి సందర్భంలో ఏం చేస్తారని తోటి ఆచార్యుల ఎదుట చెప్పవలసి వచ్చినప్పుడు ఎంతటి అనుభవజ్ఞుడైనా కొంత తడుముకుంటాడు. నేర్చుకోవడం అక్కడే ఆరంభమవుతుంది.

కేంద్రాలున్నాయి, పాఠమే లేదు

మన వద్ద శిక్షణ కేంద్రాలకు కొదవ లేదు. 1986 జాతీయ విద్యా విధానం ఫలితంగా ఏర్పడిన అకడమిక్ స్టాఫ్ కళాశాలలు 2015లో మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలుగా, 2023లో మాలవీయ మిషన్ ఉపాధ్యాయ శిక్షణ కేంద్రాలుగా పేరు మార్చుకున్నాయి. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాలు సహా తెలుగునాట పలుచోట్ల ఇవి పనిచేస్తున్నాయి. మాలవీయ మిషన్ నిర్దేశించిన ఎనిమిది అంశాల్లో పరిశోధన, అభివృద్ధి ఒకటి. పరిశోధన ఎలా చేయాలో చెబుతారు సరే, చేయించడం ఎలాగో చెప్పడం తప్పనిసరి పాఠం కాలేదు. పైగా పదోన్నతికి సర్టిఫికెట్ కావాలి గనుక కెమెరా ఆపేసి ఆన్‌లైన్ కోర్సు ముగించే అలవాటు ఒకటి ప్రబలింది. గైడుల శిక్షణ కూడా ఆ బాట పడితే ఒరిగేదేమీ ఉండదు.

పదోన్నతుల లెక్క కూడా ఇందుకు తగ్గట్టే ఉంది. యూజీసీ 2018 నిబంధనల్లో ఒక విద్యార్థికి పీహెచ్‌డీ వస్తే గైడుకు 10 పాయింట్లు, సిద్ధాంత గ్రంథం సమర్పిస్తే 5 పాయింట్లు కేటాయించారు. మధ్యలో మానేసిన వారి లెక్క ఎవరి ఖాతాలోనూ పడదు. వారు ఎందుకు మానేశారని అడిగేవారూ లేరు.

శిక్షణ ఇచ్చినా గైడు చేతిలోని అధికారం చెక్కుచెదరకుంటే ప్రయోజనం సగమే. ప్రస్తుత గైడు అభ్యంతరం లేదని రాసిస్తేనే మరో గైడు వద్దకు మారే వీలున్న చోట, ఎవరిపై ఫిర్యాదో వారి అనుమతే కోరవలసి వస్తోంది. ప్రతి సెమిస్టర్‌లో విద్యార్థి పురోగతిని సమీక్షించే పరిశోధన సలహా కమిటీకి కన్వీనరు కూడా ఆ గైడే. విద్యార్థి మాట్లాడుతున్నప్పుడు ఆయన కొద్దిసేపు బయట కూర్చునే పద్ధతి పెట్టవచ్చు. గైడు మార్పు దరఖాస్తును డీన్ నేరుగా స్వీకరించవచ్చు. తొలిసారి విద్యార్థిని తీసుకునే అధ్యాపకుడు వారం రోజుల శిక్షణ పొందాలనే షరతు విధించవచ్చు. యూజీసీ చెప్పినవి కనీస ప్రమాణాలే గనుక, వాటికి మించి నియమం పెట్టుకోవడానికి విశ్వవిద్యాలయాలకు అడ్డు లేదు. ఇందుకు ఢిల్లీ నుంచి ఉత్తర్వు రానక్కరలేదు, అకడమిక్ సెనేట్ తీర్మానం సరిపోతుంది.